తప్పొప్పుల పట్టిక

పెరంబూరు ఆస్పత్రి, రెండో అంతస్తు, సాయంత్రం ఓపీ.
రోగి నాకు ఎడమ పక్కన, తెర ఎదురుగా.
దగ్గు వినడానికి ఒక చెవి మిగుల్తుంది.
మీటలకు పది వేళ్లూ చాలవు.

ఎతిరాజులు వచ్చాడు, కూర్చోలేదు.
నాలుగు మడతల కాగితం బల్ల మీద పరిచి
అరచేత్తో సాపు చేశాడు.
గుండెలో రెండు స్టెంట్లకు
బీమా కంపెనీ ఒకే వాక్యం రాసింది:
పాలసీకి ముందు నుంచే రక్తపోటు, పదేళ్లుగా; దాచారు; ఇవ్వం.

"పదేళ్ల కింద బీపీ అంటే
నాకు బ్యాండు పార్టీయే తల్లీ" అన్నాడు.
తంగసాలై వీధిలో నలభై ఏళ్లు
సీసపు అక్షరాలు ఏరి కూర్చిన మనిషి.
పెళ్లి శుభలేఖలు, దినం కార్డులు,
ఎవరెవరి పేర్లో తలకిందులుగా చదివిన కళ్లు.

రికార్డు తెరిచాను.
పదేళ్లు. నిజమే, ఉంది.
ఆ కింద మరోసారి, ఇంకా కింద మరోసారి,
పదకొండు ఓపీల్లో అదే మాట.
పాత నోటును కొత్త తేదీ కింద అతికించుకుంటూ
ఒకరి తర్వాత ఒకరం చదవకుండా సంతకం పెట్టాం.
మొదటిది ఎవరిదో చూడ్డానికి
ఇంకో కిటికీ ఉంది, ఎవరూ తెరవనిది.
రెండేళ్ల కిందట, తెల్లవారుజాము మూడూ పన్నెండు.
రాసినవారు: వకుళ, డ్యూటీ డాక్టరు.

నేనే.

ఆ రాత్రి మూలకొత్తలం దగ్గర ఆటో బోల్తా పడింది.
ఈయన జ్వరంతో వచ్చాడు. పది రోజుల నుంచి తలనొప్పి,
మందుల షాపులో చూపిస్తే బీపీ ఎక్కువన్నారని చెప్పాడు.
పది అని కొట్టాను.
పక్క గడిలో రోజులు, వారాలు, నెలలు, ఏళ్లు.
రోజులే ఎంచుకున్నాను, ప్రమాణం చేయగలను.
కిందికి పోదామని మౌసు చక్రం తిప్పితే
పేజీ కదల్లేదు,
గడిలో మాట కదిలింది.

ఖాళీ గడి ఉంటే యంత్రం ముందుకు పోనివ్వదు.
అబద్ధమైనా సరే, ఖాళీ కుదరదు.
నిన్నటివి పందొమ్మిది నోట్లు ఇంకా తెరిచే ఉన్నాయి.
రాత్రి ఇంట్లో, కుక్కరు విజిళ్లు లెక్కపెట్టుకుంటూ,
ముఖాలు గుర్తు తెచ్చుకుని మూస్తాను.

దిద్దాను. యంత్రం రెండూ ఉంచుకుంది,
కొట్టేసినదీ రాసినదీ, గంటా నిమిషాలతో.
కింద బీమా కౌంటర్లో మేరీ స్టెల్లా
ఫోన్లో నవ్వింది, నవ్వు కాదది.
"క్లెయిమ్ పోయాక దిద్దితే, డాక్టర్,
వాళ్లకి తప్పు కనబడదు,
దిద్దడం కనబడుతుంది."

మా పాత పెద్దాయన చేతిరాత గుర్తొచ్చింది.
పదో వందో దేవుడికే తెలిసేది,
ఏ కంపెనీ తేల్చలేకపోయేది.
అలాగని ఆ ఫైళ్లకు దండ వెయ్యను.
వరదలో అవి బురదయినప్పుడు
ఎవరికి ఏ మందు పడదో అదీ పోయింది.
పోయిన నెల ఇదే తెర ఎర్రగా అరిచి
నా చేతిలో పెన్సిలిన్ సూదిని ఆపింది.

"మా ప్రెస్సులో" అన్నాడు ఆయన, ఇప్పుడు కూర్చుని,
"ఒకడు పైకి చదవాలి,
ఒకడు ప్రూఫు మీద వేలు పెట్టి చూడాలి.
అయినా దొర్లేవి. ఒకసారి పెళ్లికొడుకు తండ్రిని,
బతికున్నవాణ్ణి, స్వర్గస్థుణ్ణి చేశాం.
పుస్తకమైతే చివర తప్పొప్పుల పట్టిక వేసేవాళ్లం,
సిగ్గుపడకుండా.
మీ పెట్టెలో ఆ పేజీ ఏదమ్మా?"

లేదు.
తెరను ఆయన వైపు తిప్పాను.
వైరు చాలక బల్లను జరపాల్సొచ్చింది.
నేను పైకి చదువుతున్నాను,
ఆయన గాజు మీద వేలు పెట్టి వెంట వస్తున్నాడు.
పొగ తాగడు, ఒప్పు.
తండ్రికి షుగరు, ఒప్పు.
అపెండిక్స్ ఆపరేషన్ దగ్గర
వేలు ఆగింది.
చొక్కా ఎత్తి చూపించాడు,
గాటు లేని పొట్ట.

కంపెనీకి ఉత్తరం ఈ రాత్రే రాస్తాను,
తప్పు నాదని, నా పేరుతో.
వింటారో లేదో.

నలభై రెండో టోకెన్ తలుపు తోసి తల పెట్టింది.
"ఇంకో నాలుగు పేజీలు"
అన్నాం ఇద్దరం.